మూడు గంటల మూపురం

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మేనేజరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, టీ ఎప్పుడిస్తారా అని వెనక్కి తిరిగి చూస్తున్న మిత్రులకు నమస్కారం.

ఇరవై ఆరేళ్ళు ఈ ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసి, ఈ రోజు రిటైరవుతున్నాను. నేను చేసేదేమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. "కంప్యూటర్ల మధ్య ఏం వెళుతోందో చూస్తుంటానత్తయ్యా" అంటే, "చూసి?" అనేవారు మా అత్తగారు. (నవ్వులు) ఏ గది నుంచి ఎంత ఇంటర్నెట్ లాగుతున్నారో గీతల్లో చూపించే సాఫ్ట్‌వేర్ నా తెర మీద ఉండేది. టైపిస్టు గారూ, మీరు మరీ అంత నవ్వకండి, మీ గీతా అందులో ఉండేది.

నాలుగేళ్ళ కిందట, రోజూ సరిగ్గా మూడింటికి, స్టోర్సు గది గీత మూపురంలా లేవడం మొదలైంది. ఆఫీసంతా నత్తనడక. స్టోర్సు అన్నయ్యగారేమో మూడింటికి తలుపేసుకుంటారు. ఇంకేముంది, సినిమాలు చూస్తున్నారని రిపోర్టు రాసేసి, నా చేత్తోనే ఆయన కేబుల్ పీకాను. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు మూడింటికి మూపురం మళ్ళీ లేచింది! కేబుల్ లేకుండా కూడా చూస్తున్నాడంటే ఎంత ఘటికుడో అనుకున్నాను తప్ప, నాకు అనుమానం రాలేదు. (నవ్వులు)

అంతకుముందు ఇరవై ఏళ్ళు మేమిద్దరం ఒకే బల్ల దగ్గర భోంచేసినవాళ్ళం. ఆ రోజు నుంచి నేను ఈ మెట్లెక్కితే ఆయన ఆ మెట్లు దిగిపోయేవారు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ లోటు ఆ నాలుగేళ్ళలోనే తెలిసింది.

పోయిన వారం, నా పని కొత్తమ్మాయికి అప్పగిస్తూ, కేబుళ్ళు చూపిద్దామని స్టోర్సులో అట్టపెట్టెలు జరిపితే, వాటి వెనక ఓ పాత కంప్యూటర్ గుర్రుమంటోంది. దాని మీద కాగితం: "కదపవద్దు". దస్తూరీ నాదే. అటువైపు కూడా నిఘా ఉండాలని అదే సాఫ్ట్‌వేర్ అందులో నేనే పెట్టి, మర్చిపోయాను. రోజూ మూడింటికి అది తను చూసిందంతా నా కంప్యూటర్‌కి చెబుతోంది, అది చెప్పిందని నాది మళ్ళీ దానికి చెబుతోంది. పని మానేసి నెట్‌వర్క్ అంతా ఆక్రమించింది ఆ రెండు కబుర్లపోగులే!

అన్నయ్యగారూ, చివరి వరుసలో ఉన్నారని చూశాను. తప్పు నాది. నలుగురిలో మిమ్మల్ని దోషిని చేశాను కాబట్టి నలుగురిలోనే అడుగుతున్నాను, క్షమించండి. మీరు మాట్లాడకపోతే నేను ఈ గుమ్మం దాటలేను.

(ఆయన నెమ్మదిగా లేచారు.)

"చెల్లెమ్మా, మూడింటికి నేను కునుకు తీసేవాణ్ణి. కంప్యూటర్లో కుస్తీ పోటీలు చూసేది పొద్దున పదకొండింటికి. అది పట్టేశావనుకుని, నీకు మొహం చూపించలేక తప్పుకు తిరిగాను."

(హాలంతా నవ్వులు, చప్పట్లు)

పదకొండింటికా! నా తెర మీద పదకొండింటికి ఒక్క గీతా లేవలేదే! మేనేజరు గారూ, మీరది రాసుకోకండి.

నాలుగేళ్ళు, అన్నయ్యగారూ... మీకు కోపమని నేను, నాకు కోపమని మీరు. క్షమించండి, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను.

ఇంకా మూడు పేజీలున్నాయి. అవి మేనేజరు గారు తీరిగ్గా చదువుకుంటారు. ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యగారూ, కొంచెం జరగండి, నేను చివరి వరుసకి వస్తున్నాను. సెలవు.