పుట్టమన్నుకు ఫినాయిలు

చంద్రగిరి పక్కన మామిడితోపు కాసే ముసలాయనకు కోతలు కోయడంలో సాటి లేరు. తిరుపతిలో పరిశోధన చేసే పిల్ల మళ్లీ పుట్టమన్ను కోసం వస్తే ఆయనకు పండగైపోయింది. ఆ పిల్ల మాత్రం పుట్ట దగ్గర ముక్కు మూసుకుంది.

"ఏంది తాతా ఈ వాసన?"

"ఫినాయిలు అమ్మణ్ణీ! నువ్వొస్తావని పుట్టకు గొంతుదాకా తాపించినా."

"అయ్యో, ఎందుకు?"

"పోయినేడు చేతికి తొడుగులేసుకుంటివి, చెంచాను స్పిరిటుతో కడిగి మంటలో గూడా కాలిస్తివి. మా పూజారికే అంత మడి లేదు! నీకు మురికి మన్నిస్తే మా పరువేం గావాల?"

"నాకు కావాల్సింది ఆ మన్నులో క్రిమే తాతా. రోగాలకు మందు తయారుచేసే జన్యువు దాంట్లో కనిపించినాది. కరెంటు పోయి, ఫ్రీజరులో దాచిందంతా చచ్చిపోయింది. మళ్లీ పట్టుకుందామని వచ్చినా."

"దానికేం కాదులే. మా తాత ఈ మన్ను పూసి విరిగిన ఎద్దుకొమ్మును అతికించినాడు. అట్లాంటి మన్నులో క్రిమి ఫినాయిలుకు చస్తుందా?"

"చస్తుంది తాతా."

"పక్క పుట్టలో ఉండదా?"

"అన్నీ చూసినా. దీంట్లోనే ఉండె."

ముసలాయన తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"ఏం పేరు పెట్టినావమ్మా దానికి?"

"ఇంకా పెట్టలేదు తాతా."