సత్తెమ్మ చేతి తిండి, నర్సమ్మ గోలీలు

కూసో బిడ్డ. గా చాప జర ఇటు జరుపుకో, ఎండ మొఖం మీద పడ్తుంది నీకు. నీళ్లు తాగినవా? ఆ, ఇగ అడుగు. ఏందీ, మీ నాయనమ్మ ఎట్లుంటుండె అనా? ఎట్లుంటుండె అంటే ఏం చెప్పాలె... నీ తీరుగనే ఉంటుండె, గదుమ జర ముంగటికి. గద్వాలల మీ అమ్మమ్మోళ్లింట్ల సత్తెమ్మ పేరు ఎవ్వరు తియ్యరని నాకెర్కనే. తీస్తే ఎట్ల తీస్తరో అది గూడ ఎర్కనే. 'నీ తల్లిని పొట్టన పెట్టుకుంది' అంటరు. అంతేనా? తల ఊపుతున్నవు. సరే. ఆమె ఇంటికి, ఈ తాజ్‌బీ ఇంటికి నడుమ ఒక్కటే గోడ. నేను కండ్లతోని చూసింది చెప్త, ఎక్కువ చెప్ప, తక్కువ చెప్ప. ఇన్నంక ఏమనుకుంటవో నీ ఇష్టం.

ఈ పెద్దమందడిల అప్పట్ల సత్తెమ్మ చేతి తిండి అంటే మాటలు గాదు బిడ్డ. జర్రంత చెల్క, ఒక బర్రె, గంతే ఆమె ఆస్తి. గని ఆ చెల్కల పండిన జొన్నలు, కందులు, నువ్వులు, గట్లెంబడి మొలిచిన ఆకుకూర, వీటితోనే ఇల్లు నింపుతుండె. నా మొగడు మస్తాన్ లేడా, సైకిల్ దుకాణం పెట్టుకోని ఉండె, పోయి శానా ఏండ్లాయె, నువ్వు చూడలే. ఆయన నా వంట ముంగట పెట్టుకోని గూడ గోడ అవతలికే ముక్కు పెడుతుండె. 'సత్తెక్క ఇయ్యాల పుంటికూర చేసినట్టున్నది' అని. నాకు కోపమొస్తుండె, గని ఏం చెయ్యాలె, నాకు గూడ నోరూరుతుండె. ఎవరింట్ల బాలింత ఉన్నా, జరమొచ్చి లేచినోళ్లున్నా సత్తెమ్మనే పిలుస్తుండ్రి. మొగడు సిన్నప్పుడే పోతే మీ నాయిన రాఘవేందర్‌ను గా తిండితోనే సాకింది. మీ నాయినకు పెండ్లయ్యేదాంక దవాఖాన గడప తెల్వదు. అందుకే ఆమెకు ఒక మాట ఉండె. 'తిండి సక్కగుంటే మందెందుకు తాజమ్మ, మందు తిన్నమంటే తిండి తప్పు చేసినట్టే గద' అని. అది గర్వమే అనుకో. గని ఉత్తగ రాలే ఆ గర్వం. అందరం కలిసి ఎక్కిచ్చినం. ఊరంత మెచ్చుకుంటే మనిషికి నిజమనిపియ్యదా?

ఇగ మీ అమ్మ గీత. గద్వాల నుంచి ఈ ఇంటికి వచ్చిననాడు సన్నగ, చింతబరిగె తీరుగ ఉండె. సత్తెమ్మ చూసి నవ్వి, 'ఏడాది ఓపిక పట్టుండ్రి, మా కోడల్ని ఎట్ల చేస్తనో చూస్తరు' అన్నది. చేసింది గూడ. అత్తాకోడండ్లు గట్ల ఉంటరని నేను అప్పుడే చూసిన. మీ అమ్మ నీళ్లు వోసుకున్నంక ఇగ చెప్పొద్దు. మునగాకు ఒకనాడు, పొన్నగంటి కూర ఒకనాడు, బెల్లమేసి నువ్వుల లడ్డు, వారానికొకసారి మేక కార్జం. మొదటి కాన్పు తల్లిగారింట్ల చెయ్యాలె గద, రివాజు. మీ అమ్మమ్మ గద్వాల నుంచి తోల్కపోనీకి వస్తే మీ అమ్మ పోలే. 'ఈడనే ఉంట అమ్మ, నాకు అత్తమ్మ చేతిదే సయిస్తుంది' అన్నది. మీ అమ్మమ్మ మొఖం గా పూట ఎట్లయిందో నాకిప్పటికీ కండ్ల ముంగట ఉన్నది. ఒక్కతే బిడ్డనాయె.

సర్కారు నర్సమ్మ ఇండ్లెంబడి తిరుగుతుండె. మంచిది పాపం. ఒంట్ల రగతం పెరగనీకి గోలీలు ఇచ్చి, రోజొకటి మింగమని చెప్పి పోయింది. మీ అమ్మ మింగింది, మింగిన జర సేపటికే పొద్దుగాల తిన్న రొట్టెంత కక్కుకుంది. మర్నాడు గూడ గంతే. మూడోసారి గోలీ చేతిల పట్టుకోని, 'అత్తమ్మ, మింగుదునా, వద్దా?' అన్నది. గోడకానుకోని నేను బియ్యం చెరుగుతున్న, నా చెవులతోని ఇన్న. సత్తెమ్మ ఆమె వీపు రాసుకుంట, 'పక్కకు పెట్టు బిడ్డ. తిన్నదంత కక్కుకుంటే లోపలి పిల్లకు ఏం పోతది? నేను పెట్టే తిండిల ఉన్నది గాక గా గోలీల ఏమున్నది' అన్నది. కోపంగ అనలే, పగతోని అనలే. కక్కుకునే పిల్లను చూసి తల్లి అన్నట్టు అన్నది. గోలీలు తీసి గోడ గూట్లె పెట్టింది. నర్సమ్మ మల్ల వచ్చినప్పుడు మీ అమ్మ కన్ను రెప్ప కిందికి గుంజి చూసి, 'తెల్లగున్నది సత్తెమ్మ, గోలీలు మింగుతుందా' అని అడిగింది. సత్తెమ్మ, 'మా ఇంట్ల ఏం తింటుందో నువ్వొచ్చి చూడమ్మ' అన్నది. 'తిండి ఆపమంటలేనమ్మ, తిండి తినుకుంటనే ఇవి గూడ మింగాలె. కడుపుల పిల్ల పెరుగుతుంటే ఉత్త తిండి సరిపోదు కొందరికి' అని ఆమె నిమ్మళంగనే చెప్పింది. వాడకట్టు ఆడోళ్లు ఊకుంటరా? 'గవి మింగితే పిల్ల లావై కాన్పు కష్టమైతదట' అని ఒకతె, 'పిల్ల నల్లగ పుడతదట' అని ఇంకొకతె. సత్తెమ్మ నర్సమ్మ ముంగట సరే అన్నది. గోలీలు మాత్రం గూట్లెనే ఉన్నయి.

నువ్వు సక్కగనే పుట్టినవు బిడ్డ. పొద్దెక్కుతుంటే పుట్టినవు, ఇంట్లనే, మంత్రసాని చేతుల. ఏడ్పు ఇని నేను గోడ అవతల నుంచే అల్లాకు మొక్కిన. ఆ తర్వాత మీ అమ్మకు రగతం ఆగలే. మీ నాయిన ఉరికి జీపు తెచ్చిండు, వనపర్తికి పట్కపోయినం, నేను గూడ ఎక్కిన, నిన్ను నా ఒళ్లె పండుకోబెట్టుకున్న. దవాఖానల వాళ్లు చెయ్యగలిగిందంత చేసిండ్రు, రగతం ఎక్కిచ్చిండ్రు, మాట అనొద్దు. మాపటేళకు పానం పోయింది. డాక్టరమ్మ బయటికొచ్చి, 'ఒంట్ల రగతం మునుపే తక్కువుండె ఈమెకు, అందుకే తట్టుకోలే. గోలీలు మింగిందా?' అని అడిగింది. అప్పటికే గద్వాల నుంచి మీ అమ్మమ్మ వచ్చి ఉన్నది. 'గూట్లెనే ఉన్నయి' అన్నది సత్తెమ్మ. మీ అమ్మమ్మకు సమజైంది. తిట్టలే, శాపనార్థాలు పెట్టలే. 'అంత తిండి పెడితివి, గా ఒక్క గోలీ పెట్టలేకపోతివా వదినె' అన్నది. గంతే. తిట్టినా బాగుండు అనిపిచ్చింది నాకు. దినాలైనంక మీ నాయిన నిన్ను ఎత్తుకోని గద్వాలకు పోయి, ఆడనే మిల్లుల పని చూసుకున్నడు. పోయేటప్పుడు తల్లితోని ఒక్క మాట మాట్లాడలే.

ఆ ఏడు సత్తెమ్మ పొయ్యి సరిగ ముట్టియ్యలే. నేనే ఇంత బువ్వ గోడ మీదికెళ్లి అందిస్తుంటి. ఇగ ఒకనాడు పొద్దుగాలనే లేచి నర్సమ్మ తాన్కి పోయింది, నన్ను గూడ రమ్మన్నది. 'గవి మింగితే నా కోడలు బతుకుతుండెనా, నిజం చెప్పు తల్లీ' అని అడిగింది. నర్సమ్మ, 'బతుకుతుండెనని నేను చెప్పలేనమ్మ. రగతం అంతగనం పోతే బలంగున్నోళ్లు గూడ పోతరు. గని ఒంట్ల రగతముంటే దవాఖానల వాళ్లకు జర టైము దొరుకుతుండె' అన్నది. నాకైతే, తప్పంత నీదే అన్నా, నీ తప్పేం లేదన్నా బాగుండనిపిచ్చింది. ఏదో ఒకటి తేల్చి చెప్తే మనిషి ఏడ్చి ఊకుంటది. ఇది అటూ గాదు, ఇటూ గాదు. సత్తెమ్మ తల ఊపి, 'మరి కక్కుకుంటే ఏం చెయ్యాలె?' అని అడిగింది. బువ్వ తిన్నంక, పండుకునే ముందు మింగాలె, చాయ్‌తోని మింగొద్దు, నిమ్మకాయ నీళ్లతోని మింగితే ఒంటికి పడ్తది అని ఆమె చెప్పింది. 'గింతేనా' అన్నది సత్తెమ్మ. 

అప్పటి సంది ఊర్ల ఎవరు నీళ్లు వోసుకున్నరని ఇన్నా, కొంగుల నిమ్మకాయ కట్టుకోని బయలెల్లుతుండె. పోయి ఎదురుంగ కూసుంటది. 'తిన్నవా? ఇగ మింగు. నా ముంగటనే మింగు.' మింగేదాంక లేవదు. అత్తలు ఊకుంటరా? 'కోడల్ని మింగింది, ఇప్పుడు ఊరోళ్ల కోడండ్లకు గోలీలు మింగిపిస్తుందట' అని మొఖం మీదనే అన్నరు. ఇన్నది, పడ్డది, మర్నాడు మల్ల పోయింది. మా ఆఫియా, నా బిడ్డ, కాన్పుకు నా తానికి వస్తే మా ఇంటికి గూడ వచ్చింది. మస్తాన్ పిల్లకు ప్రేమతోని చాయ్ వోసి ఇస్తుంటే కప్పు గుంజుకోని, 'ఇప్పుడే గోలీ మింగింది మస్తాన్, చాయ్ ఇప్పుడు గాదు' అని తనే తాగేసింది. మా ఆయన బిత్తరపోయిండు. ఆఫియా కక్కుకుంటే నాకంటే ముందు నేల తుడిచింది. అట్లని గోలీలన్నిటినీ నమ్మింది అనుకోకు. అదే ఏడు దేవరాజు అని ఒకడు టై కట్టుకోని డబ్బలు అమ్మనీకి వచ్చిండు. ఏదో పొడి. 'తిండిల సత్తువ లేదు, రోజు రెండు చెంచాలు కలుపుకోని తాగుండ్రి, షుగరు, కీళ్లనొప్పులు అన్నీ పోతయి' అని. ఊర్ల సగం మంది ఎగబడ్డరు. సత్తెమ్మ, 'ఎవలకు ఏం తక్కువున్నదో చూడకుంట అందరికి ఒక్కటే డబ్బ ఇస్తున్నవు. నర్సమ్మ కన్ను రెప్ప చూసి ఇస్తది. మంచిగ తిని, మంచిగున్నోడికి గిదెందుకు నాయినా' అన్నది. వాడు మా గల్లీల మల్ల కనవడలే.

నిన్ను చూడనీకి గద్వాలకు ఒక్కసారే పోయింది. నీకు యాదికుండదులే, అప్పుడప్పుడే మాటలొచ్చే వయసు నీది. అంతకుముందు రోజు కూసోని నువ్వుల లడ్డూలు చేసింది, మీ అమ్మ పోయినంక లడ్డు చేసుడు అదే మొదలు. మీ అమ్మమ్మ అరుగు మీద కూసోబెట్టింది, నీళ్లిచ్చింది. నువ్వు లోపల నుంచి ఉరికొచ్చి సంచిల చెయ్యి పెట్టినవట. సత్తెమ్మ లడ్డు తీసి నీ చేతిల పెట్టింది. మీ అమ్మమ్మ వచ్చి నీ చేతిలకెళ్లి మెల్లగ తీసుకోని, మల్ల సంచిలనే వేసి, 'వద్దు వదినె. ఆ చేతి తిండి మాకు వద్దు' అన్నదట. మీ అమ్మమ్మను నేను తప్పు పట్ట బిడ్డ. బిడ్డను పోగొట్టుకున్నది. సత్తెమ్మ వచ్చి నాకు ఇదంత గోడ మీదికెళ్లి చెప్పింది, ఏడ్వలే గూడ. 'పిల్ల బొద్దుగున్నది తాజమ్మ, మంచిగనే సాకుతున్నరు' అన్నది. మల్ల పోలే. పోదామని నేనంటే, 'ఆ తల్లిని ఇంకోసారి బాధపెట్టుడు ఎందుకు' అంటుండె.

పోయింది గూడ అట్లనే, చప్పుడు లేకుంట. వానలు పడేటప్పుడు నాలుగు రోజులు జరమొచ్చింది, పోయింది. మీ నాయిన వచ్చిండు. వాకిట్ల మంది నిండి ఉన్నరు, అంత పడుచు ఆడోళ్లే, సంకన పిల్లలతోని, ఏడుస్తున్నరు. చుట్టాలు కారు, కులపోళ్లు కారు. మీ నాయిన బిత్తరపోయి, 'ఎవరు చిన్నమ్మ వీళ్లంత' అని నన్నడిగిండు. చెప్పిన. ఇప్పుడు నీకు చెప్పినట్టే అంత చెప్పిన, ఆయన నీదాంక తెచ్చినట్టు లేడు. ఇనుకుంట ఇనుకుంట గోడకు ఒరిగి కూసున్నడు. 'నాకెందుకు చెప్పలే ఎవరూ' అన్నడు. 'నువ్వు ఈ ఇంటికొచ్చి ఎన్నడు కూసున్నవు నాయినా, చెప్పనీకి' అన్న నేను. అనొద్దుండె కావొచ్చు, ఆ పూట. ఇగ లేస్తలేడు, తల్లి దిక్కు చూస్తలేడు, వాళ్ల సంకన పిల్లల దిక్కే చూసుకుంట...

...

ఏం లేదు బిడ్డ, గా పూట యాదికొచ్చింది. జర చెయ్యియ్యి, మోకాళ్లు పట్టుకున్నయి. గద్వాల బస్సు ఇంక ఉన్నదో పోయిందో, రోడ్డు మీదికి పోయి అడుగుదాం నడువు.