ద్రాక్షారసంలో కలిపేది

ఎంతసేపని నిలబడతావు, కుళ్ళాయప్పా? కూర్చో. మాటిమాటికీ వెనక తలుపు చూడనక్కరలేదు. నా వెంట పోలీసులు రాలేదు. మద్యనిషేధ కమిటీ వారూ రాలేదు. ఆ కమిటీకి అధ్యక్షుడిని నేనే. ఒంటరిగానే వచ్చినాను.

సైకిలా? నాకు సైకిలు లేదని గుంతకల్లు అంతటికీ తెలుసు. సైకిలు షాపు పెట్టుకున్నవాడివి, నీకు తెలియదా? ఆ పంపు అక్కడ పెట్టు.

చూడు. నీవు జైలుకు పోయినది నా సాక్ష్యం మీదనే. దానికి క్షమాపణ చెప్పుకోవడానికి రాలేదు. నీవు చేసినది తప్పు, నేను చెప్పినది నిజం. ఆ సంగతి అంతటితో సరి.

ఇది గుడి సంగతి.

ప్రభు భోజనంలో మేము పుచ్చుకునే ద్రాక్షారసం ఎక్కడిదో నీకు తెలియకపోవచ్చు. మిషను దొరలు ఉన్నన్నాళ్ళు సీసాల్లో వచ్చేది. దొరలు ఓడ ఎక్కినారు, సీసాలు ఆగిపోయినవి. అప్పటినుంచి నేనే చేస్తున్నాను, మా ఇంట్లో, జాడీలో. పర్మిట్ ఉన్నది. హిందూపురం బండిలో పండ్లు వస్తాయి. పిసికి, చక్కెర వేసి, మూతికి గుడ్డ కట్టి, పొంగు అణిగేదాకా ఉంచుతాను. ఇందులో దాపరికం లేదు.

ఎందుకు నవ్వుతావు? నీవు చేసేదీ అట్లనేనా? కావచ్చు. పోల్చవద్దు.

చిక్కంతా ఈ ఊరి ఎండతోనే. పొంగు అణిగిన రసం ఊరకే ఉంటే పులిసి చిరక అవుతుంది. నోట పెట్టరాని పులుపు. పోయిన ఈస్టరుకు అట్లా అయింది. నేను ముందుగా రుచి చూడలేదు. గుడిలో తప్ప నేను ముట్టను. మొదట తాగినది రామక్క. అదే, నీ షాపుకు ఎదురింటి ముసలామె. గిన్నె దించి, గుడి అంతా వినేటట్టు ఏమన్నదో తెలుసునా?

"ఏమప్పా, శుక్రవారం సిలువ మీద ఆయప్పకిచ్చిన చిరక మిగిలిపోయిండాదా? ఆదివారం మాకు పోస్తాండారు!"

పిల్లలు నవ్వినారు. పెద్దలు నవ్వినారు. గురువుగారు వేదగ్రంథం అడ్డం పెట్టుకొని నవ్వినారు. వారిలో సగం మంది నా బెత్తం తిన్నవారే.

అది పోనీ. ఆనాటినుంచి రామక్క ప్రభు భోజనానికి ముందుకు రావడంలేదు. వాకిట్లోనే కూర్చుని, పాట అయిపోగానే లేచిపోతున్నది. ఆమె వయస్సుకు ఇంకొక ఈస్టరు ఉంటుందో ఉండదో. ఆమె పుచ్చుకోకుండా పోయిందంటే, అది నా జాడీ వల్ల కారాదు.

ఈ యేడు కూడా చెడితే నన్నారి షర్బత్తు పోద్దామని గురువుగారి ఆలోచన. నన్నారి షర్బత్తు, కుళ్ళాయప్పా! ఐసు కూడా వేస్తారు కాబోలు.

మార్గం లేకపోలేదు. పొంగు అణిగిన రసంలో బలమైనది ఒకటి కలిపితే ఇక పులియదు, ఎండకు చెడదు. దొరసాని తన ఇంటికి చేసుకునే రసంలో బ్రాందీ కలిపేది. రైల్వే డాక్టరును అడిగినాను. ఏదైనా రోగం చెప్పుకుంటే బ్రాందీకి చీటీ రాసిస్తానన్నాడు. నాకు రోగం లేదు. లేని రోగం ఉన్నదని అబద్ధమాడను.

అందువల్ల నీ దగ్గరికి వచ్చినాను.

ఏమి కావాలంటావా? చెప్పినాను కదా. బలమైనది.

ఇది పంక్చరు సొల్యూషను. నేను అడిగినది అతికించేది కాదు, కలిపేది.

నీ దగ్గర ఉండే పదార్థమయ్యా. ట్యూబుల్లో గాలికి బదులు నీవు నింపే... కొత్త ట్యూబు తేవద్దు! కూర్చో. నీకు అర్థమైంది. అర్థమై కూడా కానట్టు ముఖం పెట్టే పిల్లలతోనే నా ఉద్యోగమంతా గడిచింది.

ఏమంటివి? "నీ నోటితో చెప్పు అయివారూ" అంటివా?

ఆ మాట నేను ఉపన్యాసాల్లో కూడా పలకను. 'ఆ పానీయం' అంటాను. కోర్టులో మాత్రం పలికినాను. వినబడలేదని మేజిస్ట్రేటు అంటే మళ్ళీ పలికినాను, గట్టిగా. నీకు జ్ఞాపకముందా?

ఉంటుంది.

ఇదిగో, టానిక్కు సీసా. శుభ్రంగా కడిగి తెచ్చినాను. మాట్లాడకుండా నింపి ఇవ్వరాదా?

రాదా.

సరే. సారా.

ఏమిటి? కోర్టులో చెప్పినంత గట్టిగానా?

సారా! నాకు సారా కావాలి, కుళ్ళాయప్పా! చాలునా?

ఎదురింటి కిటికీ తెరుచుకున్నది. రామక్క. విన్నది.

విననీ. తాగవలసినది ఆమే కదా.

ఇక సీసాలో పొయ్యి.