డ్యూటీ చార్టు కింద అరకాగితం

అధ్యక్షత వహిస్తున్న డిపో మేనేజరు గారికి, ముందు వరసలో కూర్చున్న రిటైరైన పెద్దలకు, చేతుల గ్రీజు సగం తుడుచుకుని సగం మరిచిపోయి వచ్చిన గ్యారేజీ అన్నదమ్ములకు, కండక్టర్లకు, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చిన అక్కచెల్లెళ్ళకు, తలుపు దగ్గరే నిలబడి గడియారం చూసుకుంటున్న డ్రైవర్లకు నమస్కారం. తలుపు దగ్గరివాళ్ళు నా కోసం మొహమాటపడొద్దు. నాలుగూ పది బండి ఎవరిదో, నాలుగున్నర బండి ఎవరిదో నాకు నోటికి వచ్చు. మధ్యలో లేచి వెళ్ళినా నేనేమీ అనుకోను, వెళ్ళకపోతేనే అనుకుంటాను. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్ళంతా నా ఓర్పును మెచ్చుకున్నారు. సెలవు చీటీ పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళు ఒక్కరూ ఆ మాట నమ్మరని నాకు తెలుసు, మీరంతా మర్యాదకు చప్పట్లు కొట్టారనీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ డిపోలో ఎవరు ఏ బండి నడపాలో, ఎవరికి ఏ రోజు ఆఫో రాసే కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళను ఎవరూ ప్రేమించరు. అయినా మీరు నా అసలు పేరు మరిచిపోయి ‘చార్టమ్మ’ అని పిలుచుకున్నారు, దాన్ని నేను ప్రేమ కిందే జమకట్టుకున్నాను.

అయితే ఈ వీడ్కోలు సభలో నేను చార్టు గురించి మాట్లాడను. దాని కింద పదకొండేళ్ళుగా అంటిస్తున్న అరకాగితం గురించి మాట్లాడతాను. అది మొదలుపెట్టించినవాడు ఇప్పుడు సంక్షేమ సంఘం కార్యదర్శిగా ఈ వేదిక మీదే కూర్చున్నాడు. అప్పట్లో కొత్తగా చేరిన కండక్టరు. వారానికి దొరికే ఒక్క ఆఫ్‌లో పెళ్ళాం పిల్లలతో సినిమాకు వెళ్ళి, అరగంటకే పిల్లల కళ్ళు మూస్తూ బయటికి వచ్చేశాడట. మర్నాడు పొద్దున్నే నా కిటికీ దగ్గర నిలబడి, “ఆఫ్ ఇచ్చేది మీరే కదా చార్టమ్మా, ఆ ఆఫ్‌లో ఏ సినిమాకి పోవచ్చో కూడా మీరే రాసెయ్యండి” అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను నిజమనుకున్నాను. (నవ్వులు)

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం డ్యూటీ దిగగానే మా ఆయనతో కలిసి కొత్త సినిమా చూడడం, శనివారం పొద్దున అరకాగితం అంటించడం. మా ఆయన దర్జీ. అదుగో, మూడో వరసలో తల దించుకున్నారు. సినిమాలో చొక్కా కుట్టు తప్ప ఇంకేదీ ఆయన కంటికి ఆనదు. నేను మాత్రం మూడు సంగతులే రాసేదాన్ని: ఎన్నేళ్ళ పిల్లలు కుదురుగా కూర్చోగలరు, ఏ నిమిషంలో వాళ్ళను నీళ్ళు తాగించే వంకతో బయటికి తీసుకుపోవాలి, ఒక ఆఫ్ ఖర్చుపెట్టే పాటి సినిమానా కాదా. కథ బాగుందా, నటన బాగుందా అన్నది రాయడానికి పత్రికలున్నాయి. ఆరురోజులూ బండి తోలి ఒక్కరోజు పిల్లల పక్కన కూర్చునే మనిషికి కావలసింది వేరు.

ఇక ‘ఆఖరి ఓడ’ సినిమాల సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు, పిల్లల కోసం చెబుతాను. ఒక డొక్కు ఓడ. గ్రహం నుంచి గ్రహానికి జనాన్ని చేరవేస్తుంది. దానికో ముసలి కెప్టెన్, ఆఖరి ప్రయాణికుడు ఎక్కేదాకా తలుపు వెయ్యనివ్వడు. ఎవరితోనూ రెండు ముక్కలు సరిగా మాట్లాడడు. మన డిపోలో ఆ సినిమాలంటే పిచ్చి. “అది ఓడ కాదు చార్టమ్మా, మన పదిహేడో నంబరు బండే, రెక్కలు తగిలించారంతే” అనేవాళ్ళు. మూడు భాగాలు వచ్చాయి. నేను మొదటిది తొమ్మిదిసార్లు చూశాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

మొన్న వేసవిలో నాలుగోది వచ్చింది, ‘మొదటి ఓడ’ అని. ప్రీక్వెల్ అన్నారు. గ్యారేజీలో పెద్ద మెకానిక్ అడిగాడు, అంటే ఏమిటని. మనవడి కథ మూడుసార్లు చెప్పి, ఆ తర్వాత తాత చిన్నప్పటి కథ ఎత్తుకోవడమని చెప్పాను. “అయితే ఆఖరిది ముందు, మొదటిది ఆఖర్న. మన చార్టు లాగే ఉంది” అన్నాడు. (నవ్వులు) కార్యదర్శి ఉత్సాహం ఆగక, సినిమా రాకముందే ఆదివారం పొద్దుటి ఆట హాలంతా డిపో కుటుంబాల కోసం మాట్లాడేశాడు. అరవై కుటుంబాలు. పిల్లలు అట్టముక్కలతో ఓడలు చేసుకున్నారు. నా అరకాగితం మీద ‘బాగుంది’ అని ఒక్క ముక్క పడడమే తరువాయి.

శుక్రవారం చూశాను. ఓడ అభిమానిగా నాకు తప్పులు కనబడ్డాయి. ముప్పై ఏళ్ళ తర్వాత కెప్టెన్ వాడబోయే మీటల కంటే ఇప్పటి మీటలే కొత్తగా ఉన్నాయి, ముసలి కెప్టెన్ చెవి గోక్కునే అలవాటును కుర్ర నటుడు అవసరానికి మించి గోకాడు. అవి వదిలేద్దాం. సంగీతం బాగుంది, హాస్యం బాగుంది, బూతు మాట ఒక్కటి లేదు, రక్తపు చుక్క లేదు, కళ్ళు మూయాల్సిన చోటు లేదు. కానీ ఇంటర్వెల్ తర్వాత ఆరు నిమిషాల ఘట్టం ఒకటుంది. మంటలు ముంచుకొస్తుంటే, లోపల ఇరవై రెండు మంది జనం ఉంటే, కుర్ర కెప్టెన్ తలుపు మూసేస్తాడు. బయట ఉండిపోయింది అతని సొంత అన్న. అన్న తలుపు బాదుతాడు, తర్వాత బాదడం ఆపి, అద్దంలోంచి తమ్ముణ్ణి చూసి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపుతాడు. ఓడ వెళ్ళిపోతుంది. అంతే. ఆ ముసలాయన ఎందుకు తలుపు వెయ్యనివ్వడో అప్పుడు మనకు తెలుస్తుంది.

నాలుగింటిలోకీ అదే మంచి సినిమా. మా ఆయన కూడా ఆ ఆరు నిమిషాలూ చొక్కాలు చూడలేదు. అయినా శనివారం నేను రాసింది ఇది: ‘పదేళ్ళ లోపు పిల్లలను తీసుకురావద్దు. నీళ్ళ వంకతో దాటించే ఘట్టం కాదు, కథంతా దాని మీదే నిలబడింది.’

కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. “అరవై ఇళ్ళల్లో పిల్లలు రాత్రి నుంచీ ఎగురుతున్నారు చార్టమ్మా. ఇప్పుడు ఎవరికి ఏం చెప్పను? సెన్సారు వాళ్ళే అందరూ చూడొచ్చన్నారు. మీకేమైంది?”

“సెన్సారు వాళ్ళకి మన పిల్లల సంగతి తెలీదు” అన్నాను.

మేనేజరు గారు పిలిపించారు. సార్, మీరు ఆ రోజు అన్నమాట ఇక్కడ చెప్పనా? (మేనేజరు నవ్వుతూ తల ఊపారు) “డ్యూటీ బోర్డు మీద డ్యూటీ విషయాలే ఉండాలమ్మా. ఆ కాగితం తీసెయ్యండి, లేదా ఏ ఘట్టమో, ఎందుకు వద్దో సరిగా రాయండి” అన్నారు. న్యాయమైన మాటే. నేను మాత్రం, “కాగితం మీరు తీయించండి సార్, మీకు ఆ అధికారం ఉంది. నా చేత్తో మాత్రం తీయను, మాట మార్చను, కారణం చెప్పను” అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో పై అధికారికి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన తీయించలేదు. అందుకు ఈ రోజు కృతజ్ఞతలు చెబుతున్నాను.

కారణం ఎందుకు చెప్పలేదంటే, అప్పుడు ఆ గదిలో సంతకం పెట్టడానికి ఇంకొక మనిషి నిలబడి ఉన్నాడు. మీరంతా ‘నిదానం’ అని పిలిచే మన డ్రైవరు. ఇక్కడి నుంచి నేను చెప్పబోయేది చెప్పమని ఆయనా, టికెట్ల గదిలో పనిచేసే, నేను చెల్లెమ్మా అని పిలుచుకునే ఆవిడా, ఇద్దరూ నాతో అన్నారు. వాళ్ళు ఒప్పుకోకపోతే నా నోరు పెగిలేది కాదు.

తొమ్మిదేళ్ళ కిందట, వానాకాలం, కొండదారి బస్సు. నిదానం డ్రైవరు, మా చెల్లెమ్మ భర్త కండక్టరు. దారికడ్డంగా రాళ్ళు పడితే కండక్టరు దిగి తొలగించాడు. ఇంతలో పైనుంచి చరియ కదిలింది. బస్సు ముందుకు దాటింది, ముప్పై ఎనిమిది మంది బతికారు. కండక్టరు దక్కలేదు. విచారణలో నిదానం చెప్పింది ఒకే ఒక్క వాక్యం: “నేనే పోనిచ్చాను.” తప్పులేదని ఫైలు మూసేశారు. ఆయన మాత్రం కొండదారి వద్దని రాసిచ్చి, అప్పటి నుంచి ఊళ్ళో బండే తోలుతున్నాడు, మాట తగ్గించేశాడు. మా చెల్లెమ్మకు ఇక్కడే ఉద్యోగమిచ్చారు. ఒకే డిపోలో తొమ్మిదేళ్ళు, ఎదురుపడితే ఒకరు నేల చూసేవాళ్ళు, ఇంకొకరు గోడ చూసేవాళ్ళు. నిదానం కూతురు ఆ ఏడే పుట్టింది. దానికి ఏమీ తెలియదు. ‘మా నాన్న కూడా కెప్టెనే, ఎవర్నీ వదిలిపెట్టడు’ అని డిపో అంతా చెప్పుకు తిరిగేది. ఆ పిల్ల ఆ ఆరు నిమిషాలూ తండ్రి పక్కన కూర్చుని చూడడం నేను తలుచుకోలేకపోయాను. పదేళ్ళ లోపు అని రాశాను కానీ, నా మనసులో ఉన్నది తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే.

మధ్యాహ్నం నిదానం నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

“అందులో ఏముందమ్మా?”

అబద్ధం చెప్పే వయసు దాటిపోయింది నాకు. మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. తలుపు, అన్న, చెయ్యి ఊపడం, అన్నీ. ఆయన కిటికీ చువ్వ పట్టుకుని విన్నాడు.

“తర్వాత ఆ కెప్టెను ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పుకుంటాడా?”

“చెప్పుకోడు. అందుకే మిగతా మూడింట్లోనూ అట్లా ఉంటాడు” అన్నాను.

వెనక ఇద్దరు సెలవు చీటీలతో నిలబడితే వాళ్ళకు దారిచ్చి, మళ్ళీ వచ్చాడు. “పాపకి కొండదారి సంగతి ఇవాళ సాయంత్రం నేనే చెప్తా. చెప్పి తీసుకొస్తా. మీ కాగితం మీద మాట దాటుతున్నాననుకోకండి” అన్నాడు.

ఆదివారం తండ్రీ కూతురూ వచ్చారు. నేను వాళ్ళ వెనక వరసలో కూర్చున్నాను. అదే వరసలో, నాలుగు కుర్చీల అవతల, మా చెల్లెమ్మ. ఆ ఘట్టం వచ్చింది. కార్యదర్శి నాలుగేళ్ళ కవల పిల్లలు ఏడుపు లంకించుకుంటే ఇద్దర్నీ చెరో చంకన వేసుకుని బయటికి పరుగెత్తాడు, ఆ సంగతి ఆయన పదేపదే ఒప్పుకున్నాడు కనుక ఇప్పుడు దెప్పను. (నవ్వులు) హాలు మళ్ళీ సద్దుమణిగింది. అప్పుడు ముందు వరసలోంచి పాప గొంతు వినబడింది, చిన్నగానే.

“నాన్నా, ఆ బాబాయి కూడా ఇట్లాగే చెయ్యి ఊపాడా?”

“ఊపలేదమ్మా. రైట్ రైట్ అన్నాడు.”

(నీళ్ళ గ్లాసు అందుకుని) ఒక్క నిమిషం.

కండక్టరు ఆ మాటంటే బండి పోనివ్వాలి, అది మనందరికీ తెలిసిందే. తొమ్మిదేళ్ళ నాటి ఫైల్లో ఆ మాట లేదు. ఆట అయిపోయాక హాలు మెట్ల మీద మా చెల్లెమ్మ నిదానానికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“ఆ మాట నిజంగా అన్నాడా అన్నయ్యా?”

“రెండుసార్లు అన్నాడు తల్లీ.”

“మరి విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“పోయినోడి మాట అడ్డం పెట్టుకుని బయటపడ్డానని అనుకుంటారని.”

ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది. “చూసి కూడా ఆపలేదేమో, పిలిచినా వినిపించుకోలేదేమో అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. తనే పొమ్మన్నాడా” అంది. పాప వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నేనూ, మా ఆయనా అక్కడి నుంచి వచ్చేశాం. అంతకు మించి వినడం మర్యాద కాదు.

సోమవారం నేను అరకాగితం మార్చాను. నా రాతల్లో దిద్దుకున్నది అదొక్కటే. ‘చిన్నపిల్లలు ఏడుస్తారు, వాళ్ళ విషయంలో నా మాట నిజమే. కాస్త పెద్దవాళ్ళను వద్దనడం మాత్రం నా పొరపాటు. ఏం జరుగుతుందో ముందు ఇంట్లో చెప్పండి, చెప్పి తీసుకెళ్ళండి, తర్వాత అడిగినవాటికి జవాబివ్వండి’ అని రాశాను. పిల్లలకు ఏది చూపించకూడదో పదకొండేళ్ళు రాశాను కానీ, వాళ్ళతో ఏం మాట్లాడాలో ఒక్కనాడూ రాయలేదని అప్పుడు తెలిసింది. ఈ సంగతి నాకు నేర్పింది ఒక అంతరిక్షం సినిమా అంటే పండితులు నవ్వుతారు. నవ్వనివ్వండి.

వచ్చే నెల నుంచి డ్యూటీలన్నీ మీ ఫోన్లకే వస్తాయట, బోర్డు తీసేస్తారట. మంచిదే. మేనేజరు గారూ, ఒక్క మనవి, మనవి అంటున్నాను కానీ నా గొంతు మీకు తెలుసు: బోర్డు తీయకండి. అరకాగితం ఎవరు రాసినా సరే, స్వయంగా చూసి రాయాలి, ఎవరొచ్చి అడిగినా మాట మార్చకూడదు, తప్పయితే సోమవారం పొద్దున్నే దిద్దాలి. ఈ మూడింటికీ ఒప్పుకునేవాళ్ళు దొరికేదాకా నేనే వచ్చి అంటిస్తాను. గేటు దగ్గర ఆపితే గేటు బయట అంటిస్తాను. (చప్పట్లు)

నా చేతి చివరి చార్టు ఈ మధ్యాహ్నం పెట్టాను. నిదానం పోయిన వారం ఒక చీటీ ఇచ్చాడు, కొండదారి బండి కావాలని. నిజంగానేనా అని మేనేజరు గారు మూడుసార్లు అడిగారు, నేను రెండుసార్లు అడిగాను, మా చెల్లెమ్మ ఒక్కసారీ అడగలేదు, “వెళ్ళనివ్వండక్కా” అంది. రేపటి ఆరూ ఇరవై కొండదారి బండికి ఆయన పేరు పెన్సిలుతో కాదు, సిరాతో రాశాను.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ, నాతోపాటు మంచీ చెడ్డా సినిమాలన్నీ భరించిన మా ఆయనకూ, ఈ సభ పెట్టిన కార్యదర్శికీ, ఆయన కవలలకూ నా కృతజ్ఞతలు. ముప్పై ఒక్క ఏళ్ళు అందరినీ కొండ మీదికి పంపించాను కానీ నేను మాత్రం ఆ దారి ఎలా ఉంటుందో చూడలేదు. రేపు పొద్దున ఆరూ ఇరవై బండికి, డ్రైవరు వెనక సీట్లో, నాకూ మా ఆయనకూ టికెట్లు తీసుకున్నాను. తెల్లారకముందే లేవాలి కాబట్టి, మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను.