కిలో మీది గ్రాములు

కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసే రెండు బల్లల ఆఫీసు. ఉదయం తొమ్మిదింపావు. వదిన తన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఆడపడుచు ఇంకా చెప్పులు విప్పలేదు.

"నిన్న సాయంత్రం దాకా నడిచిన సరుకు ఇది. ఇప్పుడు కంపైల్ చేస్తే అరవై మూడు ఎర్రర్లు. రాత్రికి రాత్రి దయ్యాలొచ్చి రాశాయా?"

"దయ్యాలెందుకు వదినా, నేనున్నానుగా. లైబ్రరీ వెర్షన్ మార్చాను."

"ఏ లైబ్రరీ?"

"మనం బయటినుంచి తెచ్చుకున్న ప్రోగ్రాం ఒక్కటేగా, బరువుల లెక్క చూసేది. రెండో వెర్షన్ తీసేసి మూడోది పెట్టాను."

"ఎవర్నడిగి?"

"అడిగితే వద్దంటావని."

"కాటా నుంచి బరువు చదివే భాగం నాది. దాన్ని రెండో వెర్షన్ చూసుకుని రాశాను. నువ్వు చీటీలు అచ్చువేసేదానివి. నీ పని నువ్వు చూసుకోక నా పునాది కింద తవ్వడమెందుకు బుజ్జమ్మా?"

"చీటీ కోసమే తవ్వాను. ప్రతి చీటీ మీదా కాటాకి వేసిన ముద్ర నంబరు పడాలని తూనికల ఆఫీసువాళ్ళు ఉత్తరం రాశారా లేదా? ఆ నంబరు వేసే ఏర్పాటు మూడో వెర్షన్‌లోనే ఉంది. నాది మూడు అడుగుతుంది, నీది రెండు అడుగుతుంది. రెండూ ఒకచోట ఇమడవు."

"మనిద్దరిలాగా."

"ఆ మాట నేననలేదు."

"అనే పనేముంది, స్క్రీన్ నిండా ఎర్రగా రాసి చూపించావుగా. పదకొండుకి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. నడవని సాఫ్ట్‌వేర్ చూపిస్తే పాత ఇనుము గోదాములో మన పన్నెండు కాటాలకీ సీలు వేసి పోతాడు. ఆ గోదాము ఆయన మళ్ళీ మన గడప తొక్కడు. మనకున్న పెద్ద బేరం అదొక్కటే. లెక్క అర్థమవుతోందా?"

"అవుతోంది. అందుకే తొందరగా కానిద్దాం. జరుగు."

"నా కుర్చీ ముట్టుకోకు. అక్కణ్ణించే చెప్పు."

"సరే. మొదటి ఎర్రర్ చదువు."

"కాటాని తెరిచే ఫంక్షన్ అసలు లేదంటోంది."

"ఉంది, పేరు మార్చారు. కొత్త పేరు పంపాను చూడు. అన్నిచోట్లా ఒకేసారి మార్చెయ్."

"మార్చాను. నలభై పోయాయి."

"తర్వాతది?"

"అంకె అడిగిన చోట అక్షరాలు ఇచ్చారంటోంది."

"మూడో వెర్షన్ బరువుని అంకెగానే తీసుకుంటుంది. అక్షరాల్లోకి మార్చుకునే నీ వరసలు తీసెయ్."

"ఒక పూటంతా కూర్చుని రాసినవి అవి."

"దండ వేసి మరీ తీసెయ్."

"నోరు బాగా లేచింది నీకు. మీ అన్నయ్య ఇక్కడుంటే ఇంత లేచేది కాదు."

"అన్నయ్య ఉంటే నీ మాటకీ తలూపి, నా మాటకీ తలూపి, టీ తాగడానికి పోయేవాడు. ఎన్ని మిగిలాయి?"

"ఒకటి."

"చదువు."

"దాన్ని నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి ప్రింటర్లో కాగితం పెట్టుకో."

"పెట్టే ఉంది. చదువు వదినా."

"కిలో మీద మిగిలిన గ్రాముల్ని ఎటు సర్దాలో చెప్పమంటోంది."

"రెండో వెర్షన్ అడిగేది కాదా?"

"అడిగేది కాదు. తనే సర్దేది."

"ఎటు?"

"ఎటో ఒకవైపు."

"కిందికి. పన్నెండు కిలోల తొమ్మిది వందల గ్రాముల ఇనుము మోసుకొచ్చినవాడికి చీటీ మీద పన్నెండు. పది కిలోల ఎనిమిది వందలు తెచ్చినామెకి పది. కాటా మీది అంకెలు గోదాము ఆయన వైపు, చీటీ అమ్మేవాళ్ళ వైపు."

"చీటీ కిలోల్లోనే కావాలని ఆయన అడిగాడు, ఇచ్చాం. గ్రాములు వదిలెయ్యడం లైబ్రరీ అలవాటు. మనం రాసింది కాదు."

"నీకు తెలుసు."

"నాకేం తెలుసు? ప్రతి తూకానికీ వెళ్ళి పక్కన నిలబడ్డానా?"

"తెలుసు కాబట్టే వెర్షన్ మారుద్దామని నేనన్నప్పుడల్లా కస్సుమన్నావు. మూడేళ్ళు."

"నడిచేదాన్ని బుద్ధున్నవాళ్ళెవరూ కెలకరు. అది వ్యాపారం."

"ఈ సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారని ధ్రువపత్రం మీద ఎవరి పేరుంది?"

"నీది. డిగ్రీ ఉన్నది నీకే కాబట్టి పెట్టాం. ఆరోజు దాన్ని పట్టుకుని ఫొటో కూడా దిగావు."

"దిగాను. రెండు వారాల కింద నోటీసూ నా పేరుకే వచ్చింది. చీటీలో గ్రాములు మింగుతున్నారని ఇనుము అమ్మేవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఇవాళ ఆయన వచ్చేది సాఫ్ట్‌వేర్ చూడ్డానికి మాత్రమే కాదు, నన్ను నిలదీయడానికి. తప్పు నాదని తేలిస్తే ఇక నా సంతకం చెల్లదు. ఇంకే కంపెనీ నన్ను పనిలో పెట్టుకోదు."

"లైబ్రరీ చేసిందని చెప్పు. ఎవరూ రాయనిదానికి ఎవర్ని పట్టుకుంటాడు?"

"కాగితం మీద పేరున్నవాళ్ళని. నువ్వు నా పక్కన నిలబడి, అది నా భాగం అని చెబుతావా?"

"నేనెందుకు చెబుతాను? ఇద్దరూ మునిగితే ఆఫీసు ఎవరు నడుపుతారు?"

"అంటే నేను మునగొచ్చు."

"ఏడుపులు తర్వాత. ముందీ ఎర్రర్ సంగతి చెప్పు. ఏం రాయాలి?"

"మూడు దారులున్నాయి. పైకి, కిందికి, దగ్గరున్న కిలోకి. దగ్గరికి అని రాయి వదినా. ఒకసారి ఆయనకి కలిసొస్తుంది, ఒకసారి వీళ్ళకి. ఏడాది తిరిగేసరికి ఎవరిదీ పోదు."

"ఇన్‌స్పెక్టర్ దగ్గర పాత చీటీలుంటాయి. అవే బరువులు మళ్ళీ పెట్టి చూస్తాడు. అప్పుడు పన్నెండు వచ్చింది, ఇప్పుడు పదమూడొస్తే ఏమంటాం? నిన్నటిదాకా తిన్నామని మనమే ఒప్పుకున్నట్టు కాదా?"

"తిన్నాం కదా."

"పాత చీటీకీ కొత్త చీటీకీ తేడా రాకూడదు. అంతే లెక్క."

"అంతేనా?"

"అంతే. పక్కకి జరుగు, వెలుతురికి అడ్డం."

"ఏం రాస్తున్నావు?"

"కిందికి."

"వదినా, మళ్ళీ అడుగుతున్నాను. దగ్గరికి అని రాయి. పాత చీటీల సంగతి ఇద్దరం కలిసి చెప్పుకుందాం. నేనూ ఉంటాను నీతో."

"నువ్వుంటే నాకు ఒరిగేదేముంది? రాశాను. సేవ్ చేశాను. కంపైల్... ఇదిగో, సున్నా. ఒక్క ముక్క కోసం పొద్దున్నే ఇంత రాద్ధాంతం."

"ఆ ఒక్క ముక్క కోసమే."

"అదేం చూపు? అయిపోయిందిగా, వెళ్ళి చీటీ ఒకటి తీసి చూడు."

"రెండు వారాలుగా మన ఫైళ్ళన్నీ వెతికాను. గ్రాములు కిందికి పొమ్మని ఎవరు చెప్పారో ఒక్క వరస కూడా దొరకలేదు. నువ్వన్నట్టు ఎవరూ రాయలేదు. అందుకే అడిగే వెర్షన్ తెచ్చిపెట్టాను. ఇప్పుడు వరస ఉంది. పక్కన కంప్యూటర్ తనే రాసుకున్న నీ పేరు, టైము తొమ్మిదీ యాభై రెండు."

"చెరిపేస్తాను."

"చెరుపు. ఎవరు చెరిపారో కూడా రాసుకుంటుంది."