చప్పట్లు కొట్టబాకండి

ఈ సభను నడుపుతున్న మా ప్రధానోపాధ్యాయురాలు సుకుమారి గారికి, నా మీద అభిమానంతో ఆత్మకూరు నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చిన విద్యాశాఖాధికారి జయపాల్ గారికి, నా తరువాత ఈ బడిలో ఇంగ్లీషు చెప్పబోయే మోహన్‌కృష్ణ గారికి, తల్లిదండ్రుల కమిటీ తరఫున ముందు వరసలో కూర్చున్న గోపాలయ్య గారికి, సాటి ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు, ఆడవాళ్ళ వైపు కూర్చుని 'ఈయన ఏం మాట్లాడతాడో ఏమో' అన్నట్టు నా వంకే చూస్తున్న మా ఇంటావిడ రహీమాబీకి, నా పిల్లలందరికీ నమస్కారం, సలాం.

ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను. నాకు భయంగా ఉంది. మర్యాదకు అంటున్న మాట కాదిది. ఈ శాలువా కింద నా చేతులు వణుకుతున్నాయి, అందుకే ఇంత ఉక్కలోనూ దాన్ని తీయలేదు. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు. మాది ఉదయగిరి. ఆ కొండ మీది కోటకు చిన్నప్పుడు చెప్పుల్లేకుండా ఎక్కి దిగినవాణ్ణి. మూడు మెట్లున్న ఈ వేదిక ఎక్కి మైకు పట్టుకోవడానికి మాత్రం నాకు ముప్పై నాలుగేళ్ళ సర్వీసు సరిపోయింది. అవును, ఇదే మొదటిసారి. ఆగస్టు పదిహేనుకీ పైకి రాలేదు, టీచర్స్ డేకీ రాలేదు. పిలిచినప్పుడల్లా గొంతు నొప్పి అన్నాను. సుకుమారి గారు పాపం నమ్మి, నాలుగుసార్లు మిరియాల కషాయం తెప్పించి ఇచ్చారు.

అలాంటి మనిషి ఏం పద్ధతి పెట్టాడో మీ అందరికీ తెలుసు. ప్రార్థన అయ్యాక రోజుకొక ఇంగ్లీషు మాట. అటెండెన్సు వరసలో ఒక్కొక్క బిడ్డ మైకు ముందుకు వచ్చి, ఆ మాట, దాని అర్థం, దాంతో ఒక వాక్యం చెప్పి దిగాలి. జ్వరమొచ్చినా మరుసటి రోజుకు వాయిదానే తప్ప మాఫీ లేదు. నేను మటుకు కింద, జెండా కర్ర పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడి, "బిగ్గరగా, ఇంకా బిగ్గరగా" అంటూ ఉండేవాణ్ణి. ఈ బడికి నేను రెండు విడతలుగా వచ్చాను, పద్దెనిమిదేళ్ళ కిందట ఒకసారి, మళ్ళీ ఈ చివరి ఐదేళ్ళు. మధ్యలో కలిగిరి వైపు, కొండాపురం వైపు పనిచేసిన బళ్ళలోనూ ఇదే నడిపాను.

ఇందాక సుకుమారి గారు ప్రేమతో ఒక ప్రకటన చేశారు. ఇకమీదట దీన్ని 'రహమతుల్లా మాస్టారి మైకు' అని పిలుస్తామని, సోమవారం నుంచి మోహన్‌కృష్ణ గారు వరస తప్పకుండా నడుపుతారని చెప్పారు. మీరందరూ చప్పట్లు కొట్టారు. నేను రాసుకొచ్చిన కాగితం జేబులో ఉంది. అందులో అందరికీ కృతజ్ఞతలు, రెండు సామెతలు, ఒక ఇంగ్లీషు సూక్తి ఉన్నాయి. దాన్ని చదివి దిగిపోతే భోజనాలు వేడిగా ఉండేవి. కానీ... (విరామం)

(సభలో చప్పట్లు)

ఆగండి. ఆపండి, దయచేసి ఆపండి. మీరు నన్ను ఎంకరేజ్ చేయాలనే కొడుతున్నారు, నాకు తెలుసు. నేను మాట్లాడవలసింది సరిగ్గా దాని గురించే.

ఎంకరేజ్‌మెంట్. డిక్షనరీలో ప్రోత్సాహం అని ఉంటుంది. ఆ మాట కడుపులో కరేజ్ ఉంది పిల్లలూ, కరేజ్ అంటే ధైర్యం, ఎదుటివాడి లోపల ధైర్యం పెట్టడమే ఎంకరేజ్‌మెంట్ అని ముప్పై నాలుగేళ్ళు చెప్పాను. బయట మనవాళ్ళు దాన్ని వాడే తీరు వేరు. ఆత్మకూరు బస్టాండులో జామకాయలమ్మే ఆమె "బోణీ కాలేదు సార్, ఎంకరేజ్ చేయండి" అంటుంది, అంటే కాయలు కొనమని. మా స్టాఫ్‌రూములో "పై నుంచి ఎంకరేజ్‌మెంట్ లేదబ్బా" అంటే, జయపాల్ గారు ఏమీ అనుకోవద్దు, ఆ పని మేము చేయలేదని అర్థం. (నవ్వులు) మా ఇంటికి చుట్టాలొస్తే రహీమాబీ ముందే చెబుతుంది, "రెండోసారి వడ్డించి ఆయన్ని ఎంకరేజ్ చేయబాకండి, షుగరు ఉండాది" అని. గోపాలయ్య గారు తమ రెండోవాడు హరి కబడ్డీకి పోతున్నాడని బడికొచ్చి, "వాణ్ణి ఎంకరేజ్ చేయబాకండి సార్, కాళ్ళిరగ్గొట్టుకుంటాడు" అన్నారు. నేను వినలేదు. వాడు కాలు విరగ్గొట్టుకోలేదు గానీ, ముందుపళ్ళు రెండు ఊడగొట్టుకున్నాడు. గోపాలయ్య గారు ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. (నవ్వులు)

వీళ్ళందరికీ ఒకటి తెలుసు, నాకు తెలియలేదు. ఎంకరేజ్ చేస్తే మనిషి ఎటో ఒకవైపు కదులుతాడు. ఎటు కదులుతాడో చూసుకోవలసిన బాధ్యత చేసినవాడిది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే భయం.

మొదటి విడత ఇక్కడ పనిచేస్తున్నప్పుడు ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. చెరువు కింద చేపలు పట్టేవాళ్ళ కాలనీ నుంచి వచ్చేది. పేరు చెప్పను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్ళకు దండం పెట్టి అడుగుతున్నాను, వెనక్కి తిరిగి వెతకబాకండి. (విరామం) ఆ మూల కూర్చున్న పెద్దాయనా, ఇటు చూడండి. నా వైపే చూడండి.

నోటుబుక్కులో ఆ అమ్మాయి ఇంగ్లీషు చూస్తే ముచ్చటేసేది. మనిషి మాత్రం నోరు మెదిపేది కాదు. వంతు వచ్చే ముందురోజు నా దగ్గరికి వచ్చి, "నాకు వద్దు సార్. భయమేస్తా ఉండాది సార్. బోర్డు మీద రాసి చూపిస్తాను సార్" అంది. బోర్డు మీద రాయనిచ్చి ఉంటే అయిపోయేది. నేను ఏమన్నాను? "భయం పోవాలంటే ఎక్కాల్సిందే" అన్నాను. ఎవరు అన్నారీ మాట? పదహారేళ్ళుగా గొంతు నొప్పి అని తప్పించుకుంటున్నవాడు అన్నాడు.

మరునాటి మాట కూడా నేనే ఎంచి పెట్టాను. ఎంకరేజ్‌మెంట్. ఆ బిడ్డ కోసమే ఎంచాను, అంత ప్రేమ నాది. మైకు ముందుకు వచ్చి నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు నేను నాలుగు వందల మంది పిల్లల వైపు తిరిగి, "అందరూ చప్పట్లు కొట్టి ఎంకరేజ్ చేయండి" అన్నాను. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? కొట్టారు. మాట రాలేదు కాబట్టి ఇంకా గట్టిగా కొట్టించాను. ఆ అమ్మాయి అటు చూసింది, ఇటు చూసింది, చేతులు చెవులకు అడ్డం పెట్టుకుంది. ఉన్నట్టుండి వేదిక మీంచి దూకి గేటు వైపు పరిగెత్తింది.

గేటు అవతల బద్వేలు రోడ్డు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. బ్రేకు పడిన చప్పుడు మాత్రం నాకు వినిపించింది. అంత పొడుగు చప్పుడు నేను నా జన్మలో వినలేదు. జెండా కర్ర పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. డ్రైవరు దిగి అరుస్తున్నాడు. ఆ బిడ్డ లారీ ముందు జానెడు దూరంలో నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. తరువాత లేచి... కాదు, నిలబడే ఉంది కదా, అలా రోడ్డు దాటి ఇంటికి వెళ్ళిపోయింది.

మళ్ళీ బడికి రాలేదు. ఆ సంవత్సరమే కాదు, ఇంకెప్పుడూ రాలేదు. నేను ఆ ఇంటికి వెళ్ళలేదు. రిజిస్టరులో 'కూలి పనులకు వెళ్ళినందువల్ల' అని కారణం రాసి సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి చెరువు వైపు వెళ్ళే దారి మానేశాను. ఇంట్లో చేపలు తినడం కూడా మానేశాను. ముళ్ళు గుచ్చుకుంటున్నాయని రహీమాబీకి చెప్పాను. రహీమా, అది అబద్ధం.

పోయిన జూన్‌లో అడ్మిషన్లు రాస్తున్నాను. ఒకామె తన కూతుర్ని తీసుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "బాగుండారా సార్?" అంది. తల ఎత్తి చూశాను, వెంటనే గుర్తుపట్టాను. పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తూ భయపడుతున్న మొహం అది. నేనేమన్నానో తెలుసా? "ఆధార్ జెరాక్సు తెచ్చినావా?" అన్నాను. (కొందరి నవ్వులు) నవ్వు వచ్చేదే. నేను మాత్రం మళ్ళీ తల ఎత్తలేదు.

ఆమె కూతురు ఈ బడిలోనే చదువుతోంది. ఏ తరగతో చెప్పను. వంతు దగ్గర పడుతోంది. నేను ఉన్నన్నాళ్ళు ఏదో ఒక సాకుతో ఆ తరగతి దాకా వరస రాకుండా నెట్టుకొచ్చాను. సోమవారం నుంచి నేను ఉండను.

మొన్న ఆదివారం స్కూటరు తీసి చెరువు దారి పట్టాను. కట్ట దాకా పోయి వెనక్కి తిరిగాను. మళ్ళీ పోయాను, మళ్ళీ తిరిగాను. మూడోసారి కట్ట మీద గొర్రెలు అడ్డం వచ్చి తిరగడానికి వీల్లేక ముందుకే పోయాను. ఆమె వాకిట్లో చిరిగిన వల బాగుచేస్తోంది. కూర్చోమని మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. "ఆ రోజు నేను చేసింది తప్పమ్మా" అన్నాను. ఆమె వల ముడి ఒకటి బిగించి, ఇట్లా చెప్పింది.

"మీకు మా పని తెలవదు సార్. చెరువులో ఒక పక్క వల కడతాం. ఇంకో పక్క నుంచి అందరం వరసగా నీళ్ళు కొడతా, డబ్బాలు వాయిస్తా, చేతులు చరస్తా వస్తాం. ఆ సద్దుకి చేప బెదిరిపోయి వలలోకి పోతాది. నేనూ చిన్నప్పుటి నుంచి డబ్బా కొట్టినదాన్నే. ఆ పొద్దు మీరు చప్పట్లు కొట్టించినారు చూడండి, ఆ పక్క ఉండే చేపకి ఎట్లుంటాదో నాకు అప్పుడు తెలిసినాది."

(విరామం)

నాకు కొంచెం నీళ్ళు ఇవ్వండి.

మా ఉదయగిరి వాళ్ళకు కొండ తెలుసు, చెరువు తెలియదు. నేను ధైర్యం పెడుతున్నాననుకున్నాను, ఆ బిడ్డను తోలాను. నాలుగు వందల జతల చేతులతో తోలాను. ఇన్నేళ్ళలో ఇంకా ఎంతమందిని అట్లా తోలానో నాకు తెలియదు. మైకు వల్లే బాగుపడ్డామని ఇందాక నలుగురు పాత విద్యార్థులు వచ్చి చెప్పారు, సంతోషం. బాగుపడినవాళ్ళే కదా సన్మానాలకు వస్తారు. రానివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. రిటైరైన తరువాత నన్ను పట్టుకునే భయం అదే.

వచ్చేటప్పుడు ఆమెను అడిగాను, ఈ సంగతి సభలో చెప్పుకోవచ్చా అని. "చెప్పుకోండి సార్, నా పేరు మటుకు వద్దు" అంది. క్షమించమని అడిగాను. "దానికేముండాది సార్, ఎప్పుటి మాట. నా బిడ్డని మటుకు మైకు కాడికి పిలవబాకండి. అది గేటు దాటితే ఆ లారీ ఆగతాదో ఆగదో" అంది. పిలవరని మాట ఇచ్చాను. ఇచ్చాక కట్ట మీదికి వచ్చి గుర్తు చేసుకున్నాను, ఆ మాట నిలబెట్టడం నా చేతుల్లో లేదని. అందుకే ఈ మూడు మెట్లు ఎక్కాను.

మోహన్‌కృష్ణ గారూ, మీరు నాకన్నా చిన్నవారు, చదువులో నాకన్నా పెద్దవారు. అందరి ముందు అడుగుతున్నాను. మైకు తీసేయమనడం లేదు. మాట్లాడాలని ఉబలాటపడే పిల్లలుంటారు, వాళ్ళకు అది కావాలి. ఆ వరస తీసేయండి. చేయి ఎత్తినవాళ్ళే రావాలి, ఎత్తనివాళ్ళను ఎందుకు ఎత్తలేదని అడగవద్దు. తోడుగా ఇంకొకరిని తెచ్చుకుంటామంటే తెచ్చుకోనివ్వండి. బోర్డు మీద రాస్తామంటే రాయనివ్వండి. నోట మాట రాక ఎవరైనా నిలబడిపోతే, మీరు వెళ్ళి పక్కన నిలబడండి, చప్పట్లు మాత్రం కొట్టించకండి. మైకుకు నా పేరు పెట్టడం సుకుమారి గారి పెద్ద మనసు, ఆ పేరు నాకు వద్దు. ఒప్పుకుంటే నోటితో చెప్పనక్కరలేదు, తల ఊపితే చాలు.

(విరామం)

మీరు సుకుమారి గారి వైపు చూస్తున్నారు. చూడండి, కొత్తగా వచ్చారు, చూడాల్సిందే. నేను ఆగుతాను. ఈ ఆగడమంత భయం నాకు ఇందాక మెట్లెక్కినప్పుడు కూడా లేదు.

ఊపారు. సుకుమారి గారూ ఊపారు. జయపాల్ గారు డైరీ తీసి రాసుకుంటున్నారు, అంటే ఇంక తిరుగు లేదు. (నవ్వులు)

నా భయం పోయిందా అంటే పోలేదు, శాలువా ఇంకా తీయలేదు. ఈ శాలువా కప్పిన మీకు, నా గొంతు నొప్పిని నమ్మిన సుకుమారి గారికి, ఇన్నేళ్ళు నా అబద్ధాలకు అన్నం పెట్టిన రహీమాబీకి, నా చేత తోలబడి కూడా నన్ను "బాగుండారా" అని అడిగిన ఒక విద్యార్థినికి కృతజ్ఞతలు. వెనక వరసల్లో కూర్చున్న అమ్మలందరికీ కలిపి ఒక్క మాట. సోమవారం మీ బిడ్డల్ని ఏ భయమూ లేకుండా బడికి పంపించండి.

నేను ఈ మెట్లు దిగి నా కుర్చీ దాకా పోయేవరకు ఎవరూ చప్పట్లు కొట్టబాకండి. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరకే కూర్చోండి. నెమ్మదిగా దిగుతాను.

సెలవు.