సేటమ్మ ఇచ్చిన డోక్లా

కూతురు పురిటికి విరుదునగరంలోని పుట్టింటికి వచ్చి, బిడ్డను కని పద్దెనిమిది రోజులైంది. ఆ పొద్దున ఆమె మంచం కింద, ఆకులో చుట్టిన పచ్చటి ముక్కలు తల్లి కంటపడ్డాయి.

"ఏమే ఇది?"

"పక్కింటి పత్తి సేటు పెండ్లాం ఇచ్చిందిమా. డోక్లా అంట. శెనగపిండి పులియబెట్టి, ఇడ్లీ మాదిరి ఆవిట్లో ఉడికించింది. బలమంట."

"శెనగపిండా! పత్యంలో ఉండే బాలింత తినే తిండేనా ఇది? బిడ్డకు కడుపుబ్బితే ఎవురు చూస్తారు, మీ సేటమ్మా?"

"ఇన్నాళ్ళూ మిరియాల చారు, అన్నమే పెడతా ఉండావు. పాలు చాలక వాడు ఏడస్తా ఉండాడు. అది చూడవా?"

"నోరు ముయ్యి! నీకు ముందు పుట్టినవాణ్ణి అట్లనే పోగొట్టుకున్నా. గుప్పెడు శెనగలు తిన్నానని మీ అవ్వ నా మొగం కూడా చూడలా."

"అప్పుడు అవ్వ నీకేం పెట్టింది?"

"ఏం పెడుతుంది? చారన్నమే, అదీ ఒక పూట. ఆకలికి తాళలేకనే కదా ఆ గుప్పెడు తిన్నా."

"మరి వాడు పోయింది శెనగల వల్లనామా, నీ ఆకలి వల్లనా?"

తల్లికి ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళుగా ఆ గుప్పెడు శెనగలకే పెరుమాళ్ళ ముందు చెంపలు వేసుకుంటోంది. ఈ మాట మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. విసురుగా ఆకు లాక్కుంది.

"పారేస్తావా?"

"నేను తింటా. రేపటికి నా కడుపు ఉబ్బకుంటే, సేటమ్మ ఇంటికి నేనే పోయి చేసేది నేర్చుకుంటా. ఇన్నేళ్ళు నాతో మన్నింపు ఎందుకు అడిగించినావని పెరుమాళ్ళనూ అడుగుతా."